ఎర్ర ఇటుక, బూడిద ఇటుక, ఏఏసీ బ్లాక్: గోడలో ఎంత కార్బన్ ఉంది?

ఇల్లు కట్టుకునేవాళ్లు ఇటుక గురించి ఇదివరకు మూడే అడిగేవాళ్లు: రేటెంత, గట్టిదేనా, లోడు ఎప్పుడు దింపుతారు. ఇప్పుడు నాలుగో ప్రశ్న చేరింది: దీని తయారీలో గాలిలోకి ఎంత కార్బన్ పోయింది? ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రాల్లో బొగ్గు మండాక మిగిలే బూడిద) ఇటుకలు అమ్మేవాళ్లు తమవి పర్యావరణానికి మేలంటారు. ఏఏసీ అనే తేలికపాటి కాంక్రీట్ బ్లాకుల కరపత్రం మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటుంది. మట్టి బ్లాకులతో కట్టే ఆర్కిటెక్టులు ఆ రెండింటినీ ఒప్పుకోరు. బట్టీ యజమానిని కదిపితే, "నేను ఊకతో కాలుస్తున్నా, నా ఇటుకకేం తక్కువ?" అంటాడు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల లాంటి పథకాల కింద ఊరూరా ఒకేసారి గోడలు లేస్తున్నప్పుడు దీనికి జవాబు వెతకడం పనికొచ్చే పనే. నలుగురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఎంతన్నది మనం దేన్ని కొలుస్తున్నామో దాన్ని బట్టి తేలుతుంది.

ముందు ఒక మాట. భవనానికి సంబంధించిన కార్బన్ (ఈ లెక్కల్లో కార్బన్ అంటే కార్బన్ డయాక్సైడే) రెండు రకాలు. ఇటుక, సిమెంట్, ఇనుము తయారై సైటుకు చేరేలోపు గాలిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్ ఒకటి. ఇల్లు కట్టకముందే అది ఖర్చయిపోతుంది కాబట్టి తర్వాత ఎవరూ వెనక్కి తేలేరు. రెండోది ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏసీకీ ఫ్యానుకూ వాడే కరెంటు వల్ల వచ్చేది. ఇటుకల గురించి జరిగే వాదనల్లో సగం గందరగోళం ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మొదటి దాని గురించే, రెండోది చివర్లో వస్తుంది.

కాల్చడమా, అతికించడమా

మట్టినో బూడిదనో రాయిలా మార్చాలంటే ఉన్నవి రెండే దారులు. బాగా కాల్చి మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకునేలా చేయాలి, లేదా సిమెంట్, సున్నం లాంటి జిగురుతో అతికించాలి. ఎర్ర ఇటుకది మొదటి దారి. మార్కెట్లో ఉన్న మిగతావన్నీ, అంటే ఫ్లైయాష్ ఇటుక, ఏఏసీ, సిమెంట్ సాలిడ్ బ్లాక్, స్టెబిలైజ్ చేసిన మట్టి బ్లాక్, రెండో దారిలో వచ్చినవే.

రెండో దారిలోనూ నిప్పు ఉంది, కానీ కంటికి కనిపించదు. "కాల్చని ఇటుక" అన్నప్పుడు ఆ మంట జగ్గయ్యపేటలోనో, ఎర్రగుంట్లలోనో, తాడిపత్రిలోనో సిమెంట్ ఫ్యాక్టరీ కిల్న్‌లో సుమారు 1450 డిగ్రీల దగ్గర మండి ఉంటుంది. పైగా సిమెంట్‌కు బొగ్గు ఒక్కటే సమస్య కాదు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పైకి పోతాయి. కిల్న్‌ను సౌర విద్యుత్తుతో నడిపినా ఆ 44 కిలోలు తగ్గవు, ఎందుకంటే అవి రాయిలోంచే వస్తున్నాయి. అందుకే ఏమీ కలపని ఓపీసీ సిమెంట్ కిలోకు దాదాపు 850 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బూడిద కలిపిన పీపీసీకైతే 600 గ్రాముల దరిదాపు.

కాబట్టి ఏ ఇటుకనైనా రెండు ప్రశ్నలు అడగొచ్చు: నిన్ను ఎంత వేడితో కాల్చారు, నీలో ఎంత జిగురుంది? కరపత్రాల్లో ఈ రెండూ చాలా అరుదుగా కనిపిస్తాయి.

బట్టీలో పోయే వేడి

భారత్ ఇటుకల తయారీలో చైనా తర్వాత ప్రపంచంలో రెండో స్థానంలో ఉంది. ఏటా 20,000 కోట్లకు పైగా ఇటుకలు కాలుస్తామని తరచూ ఉదహరించే అంచనా.

అన్ని బట్టీలూ ఒకటి కావు. మన ఊళ్ల బయట ఎక్కువగా కనిపించేది పాత ఆవం పద్ధతి. పచ్చి ఇటుకలు పేర్చి, మధ్యమధ్యలో ఊకో బొగ్గో కట్టెలో పెట్టి, పైన మట్టి పూసి అంటిస్తారు. అంతా కాలాక చల్లారబెట్టి విప్పుతారు. మళ్లీ కొత్త ఆవం మొదటి నుంచీ వేడెక్కాలి. అంటే ప్రతిసారీ పోగైన వేడంతా గాలిపాలు. ఇలాంటి చోట కిలో ఇటుకకు 1.5 నుంచి 3 మెగాజౌళ్ల వేడి పడుతుంది. ఉత్తరాదిలో ఎక్కువగా ఉన్న పొడవాటి చిమ్నీ బట్టీలో మంట ఆగకుండా చుట్టూ తిరుగుతుంది. చల్లారే ఇటుకల వేడి రాబోయే గాలిని వేడి చేస్తుంది కాబట్టి 1.1 నుంచి 1.4 మెగాజౌళ్లు చాలు. జిగ్‌జాగ్ బట్టీలో ఇటుకలు పేర్చే తీరే మారుతుంది. వేడిగాలి నేరుగా పోకుండా మెలికలు తిరిగి వెళ్లడంతో బొగ్గు బాగా మండి, ఖర్చు కిలోకు ఒక మెగాజౌల్ దగ్గరకు దిగుతుంది.

అంకెల్లోకి మారిస్తే తేడా తెలుస్తుంది. బొగ్గు నుంచి ఒక మెగాజౌల్ వేడి తీస్తే సుమారు 95 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇటుక బరువు 3 కిలోలు అనుకుందాం. జిగ్‌జాగ్‌లో కాలిన ఇటుకకు 285 గ్రాములు, మామూలు చిమ్నీ బట్టీలో 370 గ్రాములు, కిలోకు 2 మెగాజౌళ్లు తినే ఆవంలో బొగ్గుతో కాలిస్తే 570 గ్రాములు. ఎర్ర ఇటుక అని ఒకే పేరు పెట్టి పిలుస్తున్న వస్తువులో ఒకదానికి మరోదానికి రెట్టింపు తేడా ఉందన్నమాట. కేంద్ర పర్యావరణ శాఖ 2022 ఫిబ్రవరి 22న ఇచ్చిన నోటిఫికేషన్ కొత్త బట్టీలు జిగ్‌జాగ్ లేదా వర్టికల్ షాఫ్ట్ పద్ధతిలో, కాకపోతే పైపు గ్యాస్‌తో నడవాలని, పాతవి గడువులోగా మారాలని చెప్పింది. అది ప్రధానంగా పొగ, దుమ్ము తగ్గించడానికి తెచ్చిన నిబంధన. కార్బన్ తగ్గడం దానితో పాటు వచ్చే లాభం.

మరి ఊకతో కాల్చే ఆయన మాట? కార్బన్ పద్దుల్లో ఆయన వాదన నిలుస్తుంది. ఊక మండితే వచ్చే కార్బన్‌ను మరుసటి పంట వరి తిరిగి పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని సున్నాగా రాస్తారు. అయితే రెండు మెలికలు ఉన్నాయి. ఆవంలో సరిగా మండని ఊక నుంచి నల్లటి మసి వస్తుంది, అది ఊపిరితిత్తులకూ వాతావరణానికీ మంచిది కాదు. రెండోది, ఊక ఇప్పుడు ఊరికే పడి ఉండే సరుకు కాదు. రైస్ మిల్లు బాయిలర్లు, బయోమాస్ ప్లాంట్లు దాన్ని కొంటున్నాయి. బట్టీ తినేసిన ఊకకు బదులు అక్కడ బొగ్గు మండితే మొత్తం మీద లాభం ఎంతో చెప్పడం కష్టం.

మట్టి లెక్క వేరు. ఎకరం పొలంలో అడుగు లోతు మట్టి తీస్తే సుమారు 5 లక్షల ఇటుకలు వస్తాయి. చెరువు పూడిక వాడితే అభ్యంతరం లేదు. పొలం పైమట్టి అయితే పంటకు బలమిచ్చే పొరే పోతుంది. పెద్దపల్లి, రంగారెడ్డి లాంటి చోట్ల బట్టీల్లో పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి అడ్వాన్సు తీసుకుని పిల్లాపాపలతో వలస వచ్చేవాళ్లు. ఆ అడ్వాన్సు వెట్టిగా మారిన సంగతులు చాలాసార్లు వార్తలకెక్కాయి. ఇవేవీ కార్బన్ అంకెలో కనిపించవు. కార్బన్ తక్కువైనంత మాత్రాన ఇటుక మంచిదైపోదు, ఎక్కువైనంత మాత్రాన చెడ్డదీ కాదు.

బూడిద ఇటుక: విశాఖలో మొదలైన దారి

మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. పరవాడ దగ్గరి సింహాద్రి, ఇబ్రహీంపట్నం వీటీపీఎస్, ముద్దనూరు దగ్గరి ఆర్టీపీపీ, రామగుండం, పాల్వంచ ఎక్కడైనా సరే, వందల టన్నుల బొగ్గు మండిన చోట బూడిద గుట్టలు తప్పవు. 2021-22లో దేశం మొత్తం మీద వచ్చిన బూడిద దాదాపు 27 కోట్ల టన్నులు. చెరువుల్లాంటి బూడిద పాండ్లలో నిలవ ఉన్నది దీనికి అదనం.

దీన్ని ఇటుకగా మార్చడంలో తెలుగువాళ్ల పాత్ర పెద్దదే. విశాఖపట్నంలోని ఇన్‌స్వారెబ్ సంస్థ తరఫున ఎన్. భానుమతిదాస్, ఎన్. కాళిదాస్ ఫాల్‌-జి అనే పద్ధతి తెచ్చారు. ఫ్లైయాష్, లైమ్, జిప్సం మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. బూడిదలోని సిలికా సున్నంతో నెమ్మదిగా కలిసి గట్టిపడుతుంది, జిప్సం దానికి తోడై బలాన్ని పెంచుతుంది. బట్టీ అక్కర్లేదు, నీళ్లు చల్లుతూ ఆరబెడితే చాలు. ఇందులో తెలివంతా ముడిసరుకులో ఉంది. అసిటిలీన్ గ్యాస్ తయారీలో మిగిలే సున్నం, ఎరువుల ఫ్యాక్టరీలో మిగిలే జిప్సం వాడితే ఆ జిగురు కోసం కొత్తగా దేన్నీ కాల్చనక్కర్లేదు. ఈ పద్ధతితో నడిచే చిన్న యూనిట్ల నుంచి ప్రపంచ బ్యాంకు నిర్వహించిన కార్బన్ నిధి క్రెడిట్లు కొన్నది కూడా. ఈ ఇటుక వచ్చినచోట కాల్చిన ఇటుక ఒకటి తగ్గుతుందన్నది దాని వెనక లెక్క.

ప్రభుత్వ నిబంధనలూ తోడయ్యాయి. 1999 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్, థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు కాల్చే ఇటుకల్లో కనీసం 25 శాతం బూడిద కలపాలంది. ఆ దూరం తర్వాత 100 కిలోమీటర్లయింది, 2016లో 300 అయింది. 2021 డిసెంబర్ 31 నోటిఫికేషన్ బరువును విద్యుత్ కేంద్రాల మీదికి తిప్పింది: వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు ₹1,000 పరిహారం కట్టాలి.

ఈరోజు మండల కేంద్రాల్లో ప్రెస్సు పెట్టుకుని ఇటుకలు తీసే యూనిట్లలో చాలావరకు సున్నం, జిప్సం బదులు నేరుగా సిమెంట్ వాడుతున్నాయి. పని తేలిక, ఇటుక త్వరగా గట్టిపడుతుంది. బూడిద, క్రషర్ డస్ట్, 8 నుంచి 10 శాతం సిమెంట్, అంతే. కార్బన్ మళ్లీ దొడ్డిదారిన వచ్చేది ఇక్కడే. 3 కిలోల ఇటుకలో 8 శాతం అంటే 240 గ్రాముల సిమెంట్. అది ఓపీసీ అయితే 204 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. మూలలు విరుగుతున్నాయని కస్టమర్లు గొడవ చేస్తే యజమాని సిమెంట్‌ను 12 శాతానికి పెంచుతాడు. అప్పుడది 306 గ్రాములు. జిగ్‌జాగ్ బట్టీలో కాలిన ఎర్ర ఇటుక 285 గ్రాములని ఇందాక చూశాం. అంటే పేలవంగా చేసిన బూడిద ఇటుక కన్నా బాగా కాల్చిన ఎర్ర ఇటుక కార్బన్ లెక్కలో నయం కావచ్చు. దీన్ని బట్టి ఫ్లైయాష్ మోసం అనుకోకూడదు. పొలం మట్టి మిగులుతుంది, బూడిద పాండ్ నుంచి భూగర్భ జలాల్లోకి లోహాలు దిగే ప్రమాదం ఆ మేరకు తగ్గుతుంది. కార్బన్ మటుకు పూర్తిగా మిక్స్ మీద ఆధారపడి ఉంది.

బూడిద మీద ఇంకో రెండు వాదనలున్నాయి. బూడిదకు గిరాకీ కల్పిస్తే బొగ్గు విద్యుత్తుకు మనమే అండగా నిలిచినట్టని కొందరు పర్యావరణవాదులు అంటారు. కరెంటు కోసం బొగ్గు ఎటూ మండుతోంది, గుట్టలు కళ్ల ముందున్నాయి, వాటిని వాడకపోతే ఎవరికి లాభమని అవతలివాళ్లు అడుగుతారు. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది, కనీసం పాత గుట్టలు కరిగేదాకా. అంతకన్నా ఆలోచించాల్సింది ఇంకొకటి: మంచి పొడి బూడిదను పీపీసీ సిమెంట్‌లో 35 శాతం దాకా కలపొచ్చు. అక్కడ కలిపిన ప్రతి కిలో నేరుగా, సిమెంట్ కోసం కాల్చే ముద్ద అయిన క్లింకర్‌ను తగ్గిస్తుంది. సిమెంట్‌తో చేసే ఇటుకలో అదే బూడిద చాలావరకు ఇసుక చేసే పనే చేస్తుంది. నాణ్యమైన బూడిదను సిమెంట్‌కు, నాసిరకాన్ని, పాండ్ బూడిదను ఇటుకకు వాడితే ఎక్కువ కార్బన్ తగ్గుతుంది.

పొంగించి, ఆవిరి పట్టిన బ్లాక్

ఏఏసీ పూర్తి పేరు ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్. బూడిద, సిమెంట్, సున్నం, జిప్సం కలిపిన పలుచటి పిండిలో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తారు. అది సున్నంతో కలిసి హైడ్రోజన్ బుడగలు వదులుతుంది. ఇడ్లీ పిండిలా పొంగుతుంది. దాన్ని ముక్కలుగా కోసి, 180-190 డిగ్రీల ఆవిరిలో, పది పన్నెండు బార్ల ఒత్తిడి మీద గంటల తరబడి పెడతారు. బయటికొచ్చే బ్లాక్ ఘనమీటరుకు 550 నుంచి 650 కిలోలే. నీళ్లలో వేస్తే తేలుతుంది. పాలంపేట రామప్ప గుడి విమానంలో వాడిన ఇటుకలూ తేలేవే. గోడలో గాలి నింపి బరువు దించే ఉపాయం కాకతీయుల కాలానికే తెలుసన్నమాట. వాళ్లది మాత్రం కాల్చిన మట్టి.

బరువు తక్కువ కాబట్టి కార్బన్ కూడా తక్కువని అనిపిస్తుంది. కిలోకు చూస్తే అలా లేదు. సిమెంట్, సున్నం రెండూ కలిపి బరువులో పావు వంతు దాకా ఉంటాయి, ఆవిరి కోసం బాయిలర్ వేరుగా మండాలి. అన్నీ కలిపితే ఘనమీటరుకు 150 నుంచి 220 కిలోల కార్బన్ డయాక్సైడ్ రావచ్చు. అంటే కిలోకు ఎర్ర ఇటుక కన్నా ఎక్కువే. కానీ గోడకు కావలసింది కిలోలు కాదు, చోటు నింపడం. అందుకే ఇటుక పక్కన ఇటుక పెట్టి పోల్చడం మానేసి గోడతో గోడను పోల్చాలి.

మట్టిని నొక్కి కడితే

మూడో వర్గం కాల్చదు, జిగురూ బాగా తగ్గిస్తుంది. ఇసుక పాలు ఎక్కువున్న మట్టిలో 5 నుంచి 7 శాతం సిమెంట్ కలిపి, గట్టిగా నొక్కి, తడి ఆరకుండా మూడు నాలుగు వారాలు కాపాడితే స్టెబిలైజ్డ్ మట్టి బ్లాక్ తయారవుతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో 1974లో మొదలైన ఆస్ట్రా బృందం, పుదుచ్చేరి పక్కన ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ దీన్ని దశాబ్దాలుగా నడుపుతున్నాయి. దీనికి ఐఎస్ 1725 అనే ప్రమాణమూ ఉంది.

చిక్కు మట్టితోనే. తెలంగాణ చల్కా నేలలు, రాయలసీమ ఎర్రమట్టి దీనికి చక్కగా సరిపోతాయి. రేగడి సరిపోదు. తడిస్తే ఉబ్బి, ఎండితే చీలే మట్టిని సిమెంట్ పట్టి ఉంచలేదు. అందులో ఇసుకో డస్టో బాగా కలపాలి, లేదా సున్నంతో చేయాలి. డెల్టాలో, పత్తి నేలల్లో ఇల్లు కట్టేవాళ్లకు ఈ దారి అంత సులువు కాదు. వాన నేరుగా కొట్టకుండా చూరు బయటికి రావాలి, పునాది నేలకు ఎత్తులో ఉండాలి. అయినా ఊరి మేస్త్రీ ఎక్కువసార్లు వద్దనడానికి కారణం ఈ లెక్కలేవీ కాదు. మట్టి గోడ అంటే పేదరికం అనే భావన బలంగా నాటుకుపోయింది.

వంద చదరపు అడుగుల గోడ

ఇప్పుడు ఒకే గోడను నాలుగు రకాలుగా కట్టి చూద్దాం. 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, బయటి గోడ. ప్లాస్టరింగ్, రవాణా కలపలేదు. ఇది ఉజ్జాయింపు లెక్క. మిక్స్ మారితే అంకె మారుతుంది.

తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడకు వృథాతో కలిపి 1,000 ఇటుకలు, మాల్ కోసం ఒకటికి ఆరు పాళ్లలో సుమారు 140 కిలోల పీపీసీ పడతాయి. చిమ్నీ బట్టీ ఇటుకకు 370 గ్రాముల చొప్పున 370 కిలోలు, మాల్‌కు 85 కిలోలు, మొత్తం 455 కిలోల కార్బన్ డయాక్సైడ్. బొగ్గుతో కాల్చిన ఆవం ఇటుకైతే 655.

ఫ్లైయాష్ ఇటుక అదే సైజు, అదే సంఖ్య. 8 శాతం సిమెంట్, ప్రెస్సు కరెంటు కలిపి ఇటుకకు 210 గ్రాములనుకుంటే, మాల్‌తో 295 కిలోలు. సిమెంట్ 12 శాతమైతే 395.

ఏఏసీ గోడ ఎనిమిదంగుళాలు చాలు, అంటే 1.86 ఘనమీటర్లు. ఘనమీటరుకు 165 కిలోల చొప్పున 307, పలుచటి జాయింట్లకు వాడే గమ్ముకు ఇంకో 20. మొత్తం 330 దగ్గర. తయారీ సరిగా లేని ప్లాంటు సరుకైతే 430 దాటొచ్చు.

మట్టి బ్లాక్ గోడలో 6 శాతం చొప్పున 220 కిలోల సిమెంట్. ఓపీసీ అయితే 190 కిలోలు, మట్టి మాల్‌లో కలిపే కాస్త సిమెంట్‌కు మరో 25. మొత్తం 215.

అన్నిటికన్నా తక్కువ మట్టి బ్లాక్, అన్నిటికన్నా ఎక్కువ ఆవం ఇటుక. ఈ రెండు చివర్ల మీద పెద్దగా వివాదం లేదు. మధ్యలో ఉన్నవాటి వరుస మాత్రం ఎవరు ఎలా తయారు చేశారన్న దాన్ని బట్టి తారుమారవుతుంది.

నన్ను ఎక్కువ ఆకట్టుకునే అంకె ఈ నాలుగింటిలో లేదు. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ బాండ్‌లో ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. ఇటుకలు పావు వంతు తగ్గుతాయి, మాల్ ఇంకా ఎక్కువ తగ్గుతుంది. అదే చిమ్నీ బట్టీ ఇటుకతో కట్టినా గోడ 455 నుంచి సుమారు 330కి దిగుతుంది. కొత్త వస్తువు, కొత్త కంపెనీ ఏదీ అక్కర్లేదు. అలా కట్టడం వచ్చిన మేస్త్రీ దొరకాలి, అంతే. కొనడానికి కొత్త సరుకంటూ ఏదీ లేకపోవడం వల్లే కాబోలు దీన్ని ఎవరూ ప్రకటనల్లో పెట్టరు.

గోడ బయట మారే లెక్కలు

దూరం ఎంత ముఖ్యం? "స్థానికంగా దొరికేదే పర్యావరణ హితం" అనే మాట అందరూ అంటారు. 12 టన్నుల లారీ ఖాళీగా తిరిగి రావడం కూడా కలిపితే టన్నుకు, కిలోమీటరుకు దాదాపు 100 గ్రాముల కార్బన్ వస్తుంది. 3 కిలోల ఇటుక 100 కిలోమీటర్లు వస్తే 30 గ్రాములు. చిమ్నీ బట్టీ ఎర్ర ఇటుక సొంత కార్బన్‌లో పదో వంతు కూడా కాదు. దూరం కన్నా బట్టీ తీరు, సిమెంట్ పాలు ఎక్కువ నిర్ణయిస్తాయి. మీ ఊరి ఆవం కన్నా పక్క జిల్లా జిగ్‌జాగ్ నయం కావచ్చు.

బరువు సంగతికొస్తే, పై లెక్కలోని ఎర్ర ఇటుక గోడ 4 టన్నులు, ఏఏసీ గోడ టన్నుం పావు. ఆ బరువంతా మోసేది స్లాబులు, బీములు, పిల్లర్లు. మన దేశంలో టన్ను ఉక్కుకు సుమారు 2.5 టన్నుల కార్బన్ వస్తుంది, అంటే చిమ్నీ బట్టీ ఇటుకలు 6,700 కాల్చినంత. హైదరాబాద్‌లో పాతిక అంతస్తుల టవర్‌లో గోడలు తేలికైతే స్ట్రక్చరల్ ఇంజనీరు ఇనుము తగ్గించి డిజైన్ చేస్తాడు. ఏఏసీ అసలు లాభం అక్కడే ఉంది. ఒకే అంతస్తు ఇంట్లో ఎవరూ లెక్క మార్చి వేయరు. ఏ ఇటుక పెట్టినా అవే పిల్లర్లు, అవే 12 ఎంఎం కడ్డీలు. కంపెనీ కరపత్రం చెప్పే ఇనుము ఆదా ఆ ఇంటికి వర్తించదు.

ఎండ విషయంలో ఏఏసీది పైచేయి. దానిగుండా వేడి వచ్చే వేగం తొమ్మిదంగుళాల ఇటుక గోడతో పోలిస్తే సగం కన్నా తక్కువ. విజయవాడలో పడమటి గోడ 100 చదరపు అడుగులు, వేసవిలో 120 రోజులు, రోజుకు 8 గంటలు ఏసీ అనుకుంటే, ఆ ఒక్క గోడ వల్ల ఏడాదికి 30 యూనిట్ల దాకా మిగలొచ్చు. ఇప్పటి గ్రిడ్ యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ చొప్పున అది 21 కిలోలు. పదేళ్లలో 200 కిలోలు దాటుతుంది. ఏసీ లేని ఇంట్లో ఈ అంకె సున్నా, లాభం అంతా ఒంటికి తగిలే చల్లదనమే. చిన్న ఇళ్లలో ఎక్కువ వేడి దిగేది పైకప్పు నుంచి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది అందుకే. ఫ్లైయాష్ ఇటుకకూ ఎర్ర ఇటుకకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు, చల్లగా ఉంటుందని అమ్మేవాళ్లు చెప్పినా.

మేస్త్రీల ఫిర్యాదులను కొట్టిపారేయలేం. ఏఏసీ గోడకూ పిల్లరుకూ మధ్య పగుళ్లు వస్తాయి, చికెన్ మెష్ వేయకపోతే మరీ. మేకు నిలవదు, నీరు పీలుస్తుంది. సరిగా క్యూరింగ్ కాని ఫ్లైయాష్ ఇటుక గోడలో ఎండాక కుంచించుకుని పగులుతుంది. అలా పగిలిన గోడను పదేళ్లకు కొట్టి మళ్లీ కడితే కార్బన్ రెట్టింపు. ఎర్ర ఇటుకకు తరతరాల అనుభవం వెనకుంది. సున్నంతో కట్టిన పాత గోడ విప్పితే ఇటుకలు మళ్లీ వాడుకోవచ్చు, సిమెంట్ మాల్‌తో కట్టినవి విప్పేటప్పుడే ముక్కలవుతాయి.

ప్రయోగశాలల్లోంచి వస్తున్నవి

ఐఐటీ హైదరాబాద్‌లో చెరకు పిప్పి లాంటి పంట వ్యర్థాలను సున్నంతో కలిపి బయో ఇటుకలు చేశారు. 2021లో క్యాంపస్‌లో వాటితో ఒక సెక్యూరిటీ గార్డ్ క్యాబిన్ కట్టారు. మొక్క గాలి నుంచి పీల్చిన కార్బన్ గోడలోనే ఉండిపోతుంది కాబట్టి ఆలోచన బలమైనది. అయితే బరువు మోయలేదు, ఫ్రేము మధ్య నింపడానికే. తడి నుంచి కాపాడాలి.

కూల్చిన ఇళ్ల శిథిలాలను జీడిమెట్ల, ఫతుల్లగూడ ప్లాంట్లలో నలిపి ఇసుక, కంకర, పేవర్లు తీస్తున్నారు. ఇది క్వారీల మీద, చెరువుల్లో డంపింగ్ మీద ఒత్తిడి తగ్గించే మంచి పని. కార్బన్ మటుకు పెద్దగా తగ్గదు, ఎందుకంటే బ్లాకులో కార్బన్ ఉన్నది కంకరలో కాదు, దాన్ని పట్టి ఉంచే సిమెంట్‌లో. సిమెంట్ బదులు క్షారాలతో బూడిదను, ఉక్కు స్లాగ్‌ను గట్టిపరిచే జియోపాలిమర్ ఇటుకలూ ఉన్నాయి. కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్‌ల తయారీకి అయ్యే కార్బన్‌నూ వాటి ఖాతాలో రాయాలి.

ఎక్కువ మార్పు తేగలిగేది బహుశా ఎల్‌సీ3 అనే సిమెంట్. క్లింకర్ సగానికి తగ్గించి, ఆ చోట 700-800 డిగ్రీల దగ్గర కాల్చిన బంకమట్టి, పచ్చి సున్నపురాయి పొడి కలుపుతారు. స్విట్జర్లాండ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం ఈపీఎఫ్‌ఎల్‌తో పాటు ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్ దీని మీద పనిచేశాయి. 2023లో ఐఎస్ 18189 పేరుతో భారత ప్రమాణం వచ్చింది. ఓపీసీతో పోలిస్తే కార్బన్ 30 నుంచి 40 శాతం తక్కువ. 8 శాతం సిమెంట్ వాడే ఫ్లైయాష్ ఇటుకలో ఓపీసీ తీసి దీన్ని పెడితే 204 గ్రాములు 130 దరిదాపుకు దిగుతాయి. మట్టి బ్లాక్ గోడ 215 నుంచి 140కి రావచ్చు. ఏఏసీకి మధ్యస్థంగా, ఎర్ర ఇటుకకు మాల్ మేరకే లాభం. ప్రస్తుతానికి మండల కేంద్రంలోని సిమెంట్ షాపులో ఆ బస్తా దొరకదు. ఇటుకల ఐఎస్ ప్రమాణాలు బలం, నీటి పీల్పు, సైజు చూస్తాయి కానీ కార్బన్ చూడవు. కాబట్టి ఇప్పుడు లోడు దింపించుకునే వాళ్ల ముందున్న ఆధారాలు రెండే: బట్టీ ఏ రకం, మిక్స్‌లో సిమెంట్ ఎంత శాతం.